సరిహద్దు దాటిన వైద్యం: ఖర్చు ఎవరిది, లెక్క ఎవరిది?

ప్రశ్న: అమలాపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో చాలాకాలంగా ఒక వాదన నడుస్తోంది. అది ఎటూ తెగడం లేదు. ఈ విషయంలో అనుభవం ఉన్నవారు ఇక్కడ ఉంటారన్న నమ్మకంతో మీ ముందు పెడుతున్నాను.

2014 జూన్ 2 తరువాత హైదరాబాద్ మనకు వేరే రాష్ట్రంలోని నగరమైంది. అయినా గుండె జబ్బు ముదిరినా, క్యాన్సర్ అని తేలినా, కోనసీమ కుటుంబాలు ఇప్పటికీ రిపోర్టుల సంచి పట్టుకుని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతూనే ఉన్నాయి. మాలో ఒక పక్షం వారు, రోగం జిల్లా, రాష్ట్రం చూసి రాదు కనుక ప్రభుత్వం ఇచ్చిన కార్డు ఎక్కడికి వెళ్లినా చెల్లాలని అంటారు. రెండో పక్షం వారు, మన రాష్ట్ర ఖజానా సొమ్ము పొరుగు నగరాల ఆసుపత్రులకు ధారపోస్తే కాకినాడ, రాజమహేంద్రవరం ఆసుపత్రులు ఎప్పటికీ ఎదగవనీ, చివరకు పథకమే కూలిపోతుందనీ అంటారు. ఇద్దరి మాటల్లోనూ ఆవేదన ఉంది కాని, ఆధారం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నేను అడిగేది ఒక్కటే. ప్రభుత్వ బీమా ఉన్న రోగులను సరిహద్దు దాటి వెళ్లనిచ్చిన చోట్ల నిజంగా ఏం జరిగింది? బీమా నిధులు దెబ్బతిన్నాయా? స్థానిక ఆసుపత్రులు నష్టపోయాయా? మన పథకాల్లో ఈ లెక్క ఎలా నడుస్తోంది? జరిగిన సంగతులు చెబితే మా వాదన కొంచెమైనా దారిలో పడుతుంది.

జవాబు: కాకినాడ నుంచి, గతంలో ఆరోగ్య బీమా క్లెయిముల విభాగంలో పనిచేసినవారు

మాస్టారు గారికి నమస్కారం. మన వైపు సంగతి నేను చెబుతాను. బయటి దేశాల సంగతి తెలిసినవారు తరువాత అందుకుంటారు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేరు ఎన్నిసార్లు మారినా, ఈనాడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నా, మూలంలో ఒకే పద్ధతి మీద నిలబడి ఉంది. ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రి ముందుగా అప్రూవల్ తీసుకుని చికిత్స చేసి, ఆ తరువాత క్లెయిము పెట్టుకుంటుంది. రోగి చేతి నుంచి డబ్బు కదలకూడదన్నదే దీని ప్రాణం. 2019 నవంబరులో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నగరాల్లో ఎంపిక చేసిన ఆసుపత్రులను కూడా ఇందులో చేర్చారు. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. కాబట్టి "రాష్ట్రం దాటితే కార్డు చెల్లదు" అన్న మాట పూర్తిగా నిజం కాదు. ఎంపిక చేసిన చికిత్సలకు, ఎంపిక చేసిన చోట్ల చెల్లుతుంది. ఆ ఎంపికలో మన రోగం లేకపోయినా, మనం వెళ్లిన ఆసుపత్రి లేకపోయినా, కష్టం అక్కడ మొదలవుతుంది.

అలాంటి కుటుంబం ఏం చేస్తుందో మీకు తెలియనిది కాదు. బంగారం కుదువపెట్టి, పొలం కౌలు ముందుగా తీసుకుని, ఆసుపత్రి అడిగిన అడ్వాన్సు కడుతుంది. ఇంటికి వచ్చాక బిల్లులన్నీ జతచేసి, ఎమ్మెల్యే గారి సిఫారసు లేఖతో ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెడుతుంది. కొంత వస్తుంది, ఎప్పుడో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. సహాయ నిధి ఎంతోమందిని ఆదుకుందన్నది నిజమే. అయితే అది దయ మీద నడిచేది, బీమా హక్కు మీద నడవాల్సినది. ఈ తేడాను నేను చాలా గట్టిగా పట్టుకుంటాను. హక్కుగా చెల్లించిన ప్రతి క్లెయిమూ పథకం పుస్తకాల్లో నమోదవుతుంది: ఏ మండలం నుంచి, ఏ జబ్బుకు, ఎంత దూరం వెళ్లారో తెలుస్తుంది. పథకం బయట ఆ కుటుంబం పెట్టిన ఖర్చు ఆ పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. హెడ్‌వర్క్స్ దగ్గర ఎంత నీరు వదిలారో మాత్రమే రాసుకుని, శివారు పొలానికి ఎంత చేరిందో ఎవరూ రాయకపోతే, కాగితం మీద కాలువ ఎప్పుడూ నిండుగానే పారుతుంది.

2018 సెప్టెంబరు 23న మొదలైన కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌లో పోర్టబిలిటీ ఉంది, అంటే సొంత రాష్ట్రం బయట కూడా కార్డు వాడుకునే వీలు ఉంది. అందులో లబ్ధిదారు సొంత రాష్ట్రమే డబ్బు చెల్లిస్తుంది. ధర మాత్రం చికిత్స చేసిన ఆసుపత్రి ఉన్న రాష్ట్రం నిర్ణయించినదే వర్తిస్తుంది. అంటే మన రోగి మహానగరానికి వెళితే, ఆ నగరం రేటును మన రాష్ట్ర నిధి భరించాలి. మీ రెండో పక్షం వారి భయంలో ఉన్న నిజం ఇదే, ఇంతమేరకే. బకాయిలు పేరుకుపోయాయని 2024లోనూ, 2025లోనూ మన నెట్‌వర్క్ ఆసుపత్రులే సేవలు ఆపుతామని ప్రకటించిన పరిస్థితుల్లో, బయటి ఆసుపత్రులు మన కార్డును ఎంత ఆసక్తితో తీసుకుంటాయన్నది ఆలోచించాల్సిన విషయం. సరిహద్దు కన్నా బకాయి పెద్ద గోడ అవుతుంది.

జవాబు: స్వస్థలం పాలకొల్లు, ప్రస్తుతం జర్మనీలో ట్రియర్ నగరం దగ్గర నివాసం

మాస్టారు గారూ, మీరు అడిగిన ప్రశ్నకు యూరప్‌లో పాతికేళ్లకు పైగా కోర్టుల్లోనూ, చట్టసభల్లోనూ జవాబులు వెతుకుతూనే ఉన్నారు. ఆ కథ ఒక విధంగా నేనుంటున్న ప్రాంతంలోనే మొదలైంది.

లక్సెంబర్గ్ పౌరుడైన కోల్ అనే ఆయన, తన కుమార్తె పలువరుస సరిచేయించడానికి సరిహద్దు అవతల ఉన్న ట్రియర్‌లోని దంతవైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలనుకున్నారు. ముందస్తు అనుమతి ఇవ్వడానికి లక్సెంబర్గ్ బీమా నిధి నిరాకరించింది. అదే దేశానికి చెందిన డెక్కర్ అనే ఆయన కళ్లద్దాలను బెల్జియంలో కొనుక్కుంటే, ఆ డబ్బు తిరిగి ఇవ్వడానికీ నిధి ఒప్పుకోలేదు. రెండు కేసుల్లోనూ 1998 ఏప్రిల్ 28న యూరోపియన్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. మీ రెండో పక్షం వారు చేసే వాదననే అక్కడ ప్రభుత్వాలు చేశాయి: తలుపు తెరిస్తే నిధి సమతూకం దెబ్బతింటుందని. అలాంటి ముప్పు నిజంగా తీవ్రంగా ఉంటే ఆంక్ష పెట్టడం సమంజసమేనని న్యాయస్థానం అంగీకరించింది. అయితే రోగి స్వదేశంలో చికిత్స పొందితే నిధి ఎంత చెల్లించేదో అంతే చెల్లిస్తున్నప్పుడు దానికి చెప్పుకోదగ్గ నష్టం ఎలా వస్తుందని అడిగింది. ఈ ఒక్క ప్రశ్న మీ వాదనలో సగాన్ని తేలుస్తుందని నా అభిప్రాయం. రోగి సరిహద్దు దాటడం వల్ల నిధి దెబ్బతినదు. ఎవరి రేటు వర్తిస్తుందన్న దాన్ని బట్టి దెబ్బతినవచ్చు.

నేడు యూరోపియన్ యూనియన్‌లో రెండు దారులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి, సామాజిక భద్రత సమన్వయానికి 2004లో చేసిన నిబంధన. దీని ప్రకారం నిధి ముందుగా అనుమతిస్తే, చికిత్స చేసిన దేశపు రేటుతో రెండు దేశాల నిధులు తమలో తాము లెక్క చూసుకుంటాయి. రోగి సాధారణంగా పెద్ద మొత్తం ముందుగా కట్టాల్సిన పని ఉండదు. రెండోది, 2011 మార్చి 9న వచ్చిన ఆదేశపత్రం. దీన్ని సభ్యదేశాలు 2013 అక్టోబరు 25 నాటికి తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈ దారిలో రోగి తనకు నచ్చిన చోటికి వెళ్లవచ్చు. కాని డబ్బు ముందు తాను కట్టుకోవాలి, తిరిగి వచ్చేది మాత్రం స్వదేశపు రేటు మేరకే. రాత్రి బస ఉండే చికిత్సలకూ, ఖరీదైన ప్రత్యేక పరికరాలు అవసరమైన వాటికీ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసే వీలు దేశాలకు ఉంది. అయితే వైద్యపరంగా సమంజసమైన గడువులో స్వదేశంలో చికిత్స అందనప్పుడు అనుమతి నిరాకరించే వీలు మామూలుగా లేదు.

రెండో దారిలో నిధికి భద్రత ఉంది, పేదకు దారి లేదు. అడ్వాన్సు కట్టగలిగినవాడు వెళతాడు, కట్టలేనివాడు ఇంటి దగ్గరే వరుసలో ఉంటాడు. కాకినాడ మిత్రులు రాసిన బంగారం కుదువ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే తట్టింది ఇదే. హక్కు కాగితం మీద అందరికీ ఒకటే అయినా, డబ్బు ముందుగా కట్టాల్సి వచ్చినప్పుడు అది కొందరి హక్కుగా మిగిలిపోతుంది.

ఇక నిధులు కూలాయా అంటే, కూలలేదు. సభ్యదేశాల మొత్తం ఆరోగ్య వ్యయంలో సరిహద్దు దాటిన వైద్యం వాటా ఒక శాతంలో చాలా చిన్న భాగమే. మనుషులు మామూలుగా తమ భాష తెలిసిన వైద్యుని దగ్గరే, తమవాళ్లు చూడటానికి రాగలిగిన చోటే చికిత్స చేయించుకోవాలనుకుంటారు. దూరం వెళ్లేవారు విధిలేకే వెళతారు.

అప్పట్లో యూరోపియన్ యూనియన్‌లో ఉన్న బ్రిటన్‌కు చెందిన వాట్స్ అనే పెద్దావిడ విషయంలో జరిగింది ఇదే. తుంటి కీలు అరిగిపోయి నడవలేని స్థితిలో ఉన్న ఆవిడను మొదట దాదాపు ఏడాది ఆగమన్నారు. తరువాత మూడు నాలుగు నెలలకు తగ్గించారు. ఆవిడ 2003లో ఫ్రాన్స్ వెళ్లి సొంత డబ్బుతో శస్త్రచికిత్స చేయించుకున్నారు. వెయిటింగ్ లిస్టు ఉందన్న ఒక్క కారణంతో అనుమతి నిరాకరించకూడదనీ, ఆ రోగి నొప్పినీ, వ్యాధి స్థితినీ విడిగా చూసి ఆ నిరీక్షణ వైద్యపరంగా సమంజసమా కాదా తేల్చాలనీ 2006 మే 16న న్యాయస్థానం చెప్పింది. ఒక ప్రభుత్వ వ్యవస్థ తాను పెట్టుకున్న వరుసకు తానే సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం ఈ తీర్పు తెచ్చిన అసలు మార్పు.

అమలాపురం ఉపాధ్యాయుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రేటు ఎవరిదన్న ప్రశ్న మా వాదనలో ఇంతవరకు ఎవరూ లేవనెత్తలేదు. అయితే నా మనసులో ఒక శంక మిగిలింది. లక్సెంబర్గ్, జర్మనీ రెండూ సంపన్న దేశాలే. బీద ప్రాంతం నుంచి సంపన్న ప్రాంతానికి రోగులు వెళ్లినప్పుడు, వారి వెంట బీద ప్రాంతపు సొమ్ము కూడా వెళ్లిపోదా? అలాగే రోగులు వచ్చి చేరే చోట స్థానికులకు మంచాలు దొరకని పరిస్థితి రాదా? మన పక్కనే యానాం ఉంది కనుక, ఆ చిన్న సరిహద్దు సంగతి కూడా తెలిసినవారు చెబితే బాగుంటుంది.

జవాబు: యానాం నుంచి

మాస్టారు గారూ, మా పట్టణం చుట్టూ ఆంధ్రప్రదేశే. మేము మాత్రం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినా, పాలన అప్పటి సరిహద్దుల్లోనే నిలిచింది. మా పరిపాలన కేంద్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కాకినాడ పెద్దాసుపత్రికి ఇక్కడి నుంచి వెళ్లడం గంట పని. పుదుచ్చేరిలోని కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి జిప్మర్‌కు వెళ్లడం అంటే ఒక యాత్ర. గుండెనొప్పి వచ్చినవాడు సహజంగా కాకినాడకే వెళతాడు. అక్కడ మొదటి ప్రశ్న ఏ కార్డు అని.

ఎదురు ప్రవాహమూ ఉంది. చుట్టుపక్కల ఆంధ్ర గ్రామాల వారు మా ప్రభుత్వాసుపత్రికి వస్తారు. ఇంజరం నుంచి వచ్చిన గర్భిణిని గుమ్మం దగ్గర ఆపి నువ్వు ఏ ప్రభుత్వం మనిషివని అడిగే వైద్యుడు ఉండకూడదు. కాని ఆ మందులూ, ఆ సిబ్బందీ మా జనాభా లెక్కతో మంజూరైనవే. వచ్చిన వారి లెక్క పై ప్రభుత్వానికి చేరి, దానికి తగిన సొమ్ము అటు నుంచి ఇటు వస్తేనే ఈ ఆదరణ నిలబడుతుంది. 2024 ఫిబ్రవరిలో యానాంలో 90 పడకల జిప్మర్ మల్టీ స్పెషాలిటీ విభాగాన్ని ప్రారంభించారు. అది పూర్తిస్థాయిలో నడిస్తే చుట్టూ ఉన్న ఆంధ్ర మండలాలకూ అదే దగ్గరి ఆసరా అవుతుంది. అప్పుడు ఈ లెక్క ఇంకా ముఖ్యమవుతుంది.

జవాబు: ట్రియర్ దగ్గరి పాలకొల్లు మిత్రుడు

యానాం మిత్రులు రాసింది చదివాక ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పిరనీస్ పర్వతాల్లో సెర్దాన్య అనే లోయ ఉంది. సగం స్పెయిన్‌ది, సగం ఫ్రాన్స్‌ది. అందులో యివియా అనే స్పెయిన్ పట్టణం చుట్టూ పూర్తిగా ఫ్రాన్స్ భూభాగమే, అచ్చంగా మీ యానాంలాగే. ఆ లోయలోని పుయిగ్‌సెర్దా పట్టణంలో రెండు దేశాలూ కలిసి కట్టుకున్న ఆసుపత్రి 2014లో తెరుచుకుంది. ఖర్చులో స్పెయిన్ వైపు కాటలోనియా ప్రాంతం 60 శాతం, ఫ్రాన్స్ 40 శాతం భరిస్తాయి. ఏ వైపు రోగి వచ్చినా అదే గుమ్మం, అదే వైద్యుడు. రెండు దేశాల మధ్య సాధ్యమైన ఒప్పందం, ఒకే దేశంలోని రెండు ప్రభుత్వాల మధ్య, ఒకే భాష మాట్లాడే మనుషుల కోసం ఎందుకు సాధ్యం కాకూడదో నాకు అర్థం కాదు.

మాస్టారు గారి శంక న్యాయమైనది. రొమేనియాకు చెందిన పెట్రు అనే ఆవిడకు గుండె శస్త్రచికిత్స అవసరమైంది. స్థానిక ఆసుపత్రిలో మందులూ, మామూలు వైద్య సామగ్రి కూడా లేవని గమనించి ఆవిడ జర్మనీ వెళ్లి చికిత్స చేయించుకున్నారు. సామగ్రి లేమి వల్ల సకాలంలో చికిత్స అందని పక్షంలో అనుమతి నిరాకరించకూడదని 2014 అక్టోబరులో అదే యూరోపియన్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. రోగి పక్షాన చూస్తే అది సరైన తీర్పే. కాని రొమేనియా నిధి జర్మనీ రేటుతో చెల్లించాలి. ఒక జర్మనీ శస్త్రచికిత్స ఖర్చుతో అక్కడ ఎందరికి మందులు కొనవచ్చో ఆలోచిస్తే మీ భయం నాకూ కలుగుతుంది. నా ఉద్దేశంలో ఇలాంటి ప్రతి చెల్లింపునూ సొంత ఆసుపత్రిలో ఏం లేదో చెప్పే రసీదుగా చూడాలి. పంపడం ఆపేస్తే ఆ రసీదు కూడా ఉండదు. లేమి మాత్రం ఉంటుంది.

రోగులు వచ్చి చేరే చోటి హక్కు సంగతి: సొంత పౌరులకు సరిపడా సేవలు అందించలేని పరిస్థితి వస్తే, ముందే ప్రకటించి, అవసరమైన మేరకే బయటి రోగులను పరిమితం చేసుకునే వీలును 2011 ఆదేశపత్రం దేశాలకు ఇచ్చింది. మనకు ఇలాంటి నియమం ముందే లేకపోవడం వల్ల ఏం జరిగిందో 2021 మే నెలలో చూశాం. కోవిడ్ రోగులతో ఆంధ్ర నుంచి వెళ్లిన అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. ఆ ఆంక్షలను తెలంగాణ హైకోర్టు నిలిపివేసేదాకా ఊపిరాడని మనుషులు చెక్‌పోస్టుల దగ్గర పడిగాపులు కాశారు. పడకల కొరత అక్కడా నిజమే. కాని ఎవరిని, ఎప్పుడు, ఏ పద్ధతిలో ఆపవచ్చో తేల్చుకోవాల్సింది అంబులెన్సు వచ్చి నిలబడ్డాక కాదు.

జవాబు: రాజోలు నుంచి

ఇంతవరకు రాష్ట్రాల సరిహద్దు, యూరప్ సరిహద్దు గురించి మాట్లాడారు. మా మండలాల్లో ప్రతి వీధికీ ఉన్న సరిహద్దు గల్ఫ్. దాన్ని కూడా ఈ లెక్కలో చేర్చమని కోరుతున్నాను.

నివాస అనుమతి పొందే విదేశీయుల కోసం ఆరోగ్య బీమా రుసుము కట్టాలన్న నియమం కువైట్‌లో 1999 నాటి చట్టంతో వచ్చింది. మా వాళ్లు ఒంట్లో సత్తువ ఉన్న వయసంతా అక్కడ పనిచేస్తారు. ఆ వయసులో వైద్యం అవసరం తక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడో, పక్షవాతం వచ్చినప్పుడో, పని చేయలేని మనిషికి వీసా కొనసాగదు కనుక ఇంటికి వస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఏళ్లకు కట్టిన రుసుము అక్కడే ఉండిపోతుంది. జబ్బుపడ్డ ఏళ్ల డయాలసిస్ ఖర్చు ఇక్కడి కార్డు మీద పడుతుంది. జర్మనీలో పనిచేసి పింఛను తీసుకుంటూ స్పెయిన్‌లో స్థిరపడిన వ్యక్తి వైద్యానికి జర్మనీ నిధే చెల్లిస్తుందని చదివాను. అది రెండు దేశాలనూ కట్టిపడేసే నియమం వల్ల సాధ్యమైంది. గల్ఫ్ దేశాలతో మనకు అలాంటి ఒప్పందం లేదు.

మన కేంద్ర ప్రభుత్వం 2003లో తెచ్చిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకు అది తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల రక్షణ దానిలో ఉంది. అది ఎంతో అవసరమైనదే. కాని ఏళ్ల తరబడి నడిచే జబ్బుకు అది సరిపోయే ఏర్పాటు కాదు.

జవాబు: కాకినాడ మిత్రుడు

రాజోలు వారు చెప్పింది క్లెయిముల కాగితాల్లో నాకు ఎప్పుడూ విడిగా కనిపించలేదు. ఎందుకంటే రోగి ఇంతకుముందు ఎక్కడ పనిచేశారన్న గడి ఆ దరఖాస్తుల్లో ఉండేది కాదు.

మాస్టారు గారూ, మీ గ్రంథాలయం తరఫున కలెక్టరు గారికి వినతిపత్రం ఇచ్చే ఆలోచన ఉంటే, కార్డు ఎక్కడైనా చెల్లాలని ఒక్క వాక్యంలో అడిగి వదిలేయవద్దని నా మనవి. కోనసీమ మండలాల నుంచి రాష్ట్రం బయట జరిగిన చికిత్సల వివరాలను, వైద్యసేవ కింద జరిగినవీ, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు వచ్చినవీ, జబ్బుల వారీగా కలిపి ఏటా ప్రకటించాలని అడగండి. రోగుల పేర్లు అక్కరలేదు. ఒకే జబ్బుకు ఏటా మన వాళ్లు హైదరాబాద్ వెళుతున్నారని తేలితే, ఆ విభాగాన్ని కాకినాడ పెద్దాసుపత్రిలో నిలబెట్టడానికి ఎంత అవుతుందో, బయటకు చెల్లిస్తున్నది ఎంతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. మీ రెండు పక్షాల వారూ ఒకే కాగితం మీద సంతకం చేయగల కోరిక ఇది. ముసాయిదా రాస్తే ఇక్కడ పెట్టండి, క్లెయిముల భాషలో ఏది ఎలా అడగాలో సరిచూసి ఇస్తాను.